నాన్నగారికి, డ్రైవర్ లేని బండి గురించి

ఫ్రెస్నో, కాలిఫోర్నియా
డిసెంబర్ 14

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేం ఇక్కడ క్షేమం. పొగమంచు మొదలైంది, పొద్దున పది దాటితేగానీ ఎదురుగా ఉన్న చెట్టు కనబడడం లేదు.

మీరు ఫోన్‌లో అడిగినదానికి జవాబు రెండు మాటల్లో తేలదు, అందుకే రాస్తున్నాను. డ్రైవర్ లేకుండా తోటల్లో తిరిగే బండ్లు నిజంగా కూలీల అవసరం తగ్గిస్తున్నాయా, మన మామిడి తోటకి పనికొస్తాయా అని కదా అడిగారు. తగ్గిస్తున్నాయి. మన తోటకి మాత్రం పనికిరావు.

మా కంపెనీ చూసే పీచ్, బాదం తోటల్లో ఇప్పుడు మందు కొట్టేది గస్ అనే యంత్రం. ఇక్కడికి దగ్గర్లోనే, కింగ్స్‌బర్గ్‌లో పుట్టింది. తోటలకి మందు కొట్టే కాంట్రాక్టులు చేసుకునే కుటుంబం ఒకటి, ట్రాక్టర్ నడిపేవాళ్లు దొరక్క తామే తయారు చేయించుకుంది. 2022లో ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ అందులో భాగస్వామి అయింది. దానికి క్యాబిన్ ఉండదు, సీటు ఉండదు. ట్యాంకులో 2,200 లీటర్ల పైనే పడుతుంది, అంటే మన 200 లీటర్ల డ్రమ్ములు పదకొండు! చెట్ల గుబురు కింద జీపీఎస్ సరిగ్గా అందదు. అందుకని లేజర్ కిరణాలు వదిలి, అవి మొదళ్లకీ కొమ్మలకీ తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి దారి చూసుకుంటుంది. అడ్డం ఏదన్నా వస్తే ఆగిపోతుంది. తోట పక్కన పికప్ ట్రక్కులో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఒక్కడే ఇలాంటివి ఎనిమిది దాకా చూసుకోగలడు.

ఒక రాత్రి నేనూ వెళ్లి చూశాను. గాలి పడిపోతుంది, తేనెటీగలు తిరగవు కాబట్టి ఎక్కువగా రాత్రిళ్లే కొడతారు. ముందు ఫ్యాను హోరు వినిపించింది, తర్వాత వరస చివర లైట్లు కనిపించాయి. ఆకులన్నీ వెల్లకిలా తిరిగిపోతుంటే, తెల్లటి తుంపరలోంచి అది నింపాదిగా బయటికొచ్చి, మలుపు తిరిగి, పక్క వరసలోకి వెళ్లిపోయింది. ట్రక్కులో ఉన్నాయన మెక్సికో నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడ స్ప్రేయర్ ట్రాక్టర్ నడిపిన మనిషి. జూలై ఎండలో కూడా ఒంటినిండా సూటు, ముఖానికి మాస్కు వేసుకుని కొట్టేవాళ్లట. "ఇప్పుడు మా ఆవిడ నా బట్టలు విడిగా ఉతకక్కర్లేదు" అన్నాడు. ఎంతమంది కూలీలు మిగిలారన్న లెక్క కన్నా నాకు ఆ మాటే పెద్దదనిపించింది నాన్నా.

ద్రాక్ష తోటల్లో ఇంకో రకం ఉంది, బర్రో అంటారు. చక్రాల మీద నడిచే చిన్న బల్లలా ఉంటుంది. ఒకసారి మనిషి వెనకాలే నడిచి దారి నేర్చుకుంటే చాలు, కోసిన పళ్లని వరసలోంచి ప్యాకింగ్ చేసే చోటికి చేరవేసి మళ్లీ ఖాళీగా వెనక్కి వస్తుంది. కోసేవాళ్లు కోస్తూనే ఉంటారు, తోపుడు బండి నెట్టుకుంటూ ఎండలో నడిచే పని తప్పుతుంది. పండు కోయడం మాత్రం ఇప్పటికీ మనిషి చేతి పనే. ఆపిల్ కోసే రోబో కోసం చాలా కష్టపడ్డ అబండంట్ రోబోటిక్స్ అనే కంపెనీ 2021లో మూతపడింది. ఆకుల చాటున ఉన్న పండుని కనిపెట్టి, దెబ్బ తగలకుండా తెంపడం అంత కష్టం.

మన తోటకి ఎందుకు పనికిరాదంటే, లక్షల డాలర్ల ఖరీదు ఒక కారణం. అసలు కారణం చెట్లే. ఇక్కడ వరసలు తాడు పట్టి గీసినట్టు ఉంటాయి, ఏటా కత్తిరిస్తారు. తాతయ్య నాటిన చెట్లు ఆకాశానికి పెరిగి, కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కింద నుంచి ఎంత గాలి కొట్టినా చిటారు పూతకి మందు అందదు. పడమటి గట్టున చచ్చిపోయిన చెట్ల చోట కొత్తవి నాటుదామన్నారు కదా, అక్కడ 5 మీటర్ల దూరంలో వరసగా నాటించండి. ఏటా కాపు దిగగానే కొమ్మలు కత్తిరిస్తే చెట్టు చేతికి అందే ఎత్తులో ఉంటుంది. రేపు ఏ చిన్న యంత్రం వచ్చినా ఆ వరసల్లో తిరుగుతుంది. అది వచ్చినా రాకపోయినా కోతకి తక్కువ మంది సరిపోతారు.

ఇప్పుడు అసలు విషయం. ఇంకొన్నాళ్లలో తేనెమంచు పురుగుకి మందు మొదలుపెడతారు. పైపు పట్టుకుని పైకి కొట్టేవాళ్ల ముఖానికి తువ్వాలు తప్ప ఏమీ ఉండదు, ఆ తుంపరంతా వాళ్ల మీదే పడుతుంది. ఇక్కడ ఏ తోటలో ఏ మందు ఎంత కొట్టామో నెలనెలా కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, లెక్క పంపాలి, ఆ కాగితాలు తయారుచేసేది నేనే. కొట్టాక ఇన్ని గంటల దాకా లోపలికి ఎవరూ వెళ్లకూడదన్న నియమం కూడా ఉంది. మనకి అడిగేవాళ్లు లేకపోయినా మనం పాటించొచ్చు. పురుగుమందుకి వాడే ఫిల్టర్ మాస్కులు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు విజయవాడలో దొరుకుతాయి. మందు కొట్టే నలుగురికీ సరిపడా కొనండి, డబ్బు ఈ వారమే పంపుతున్నాను. మందు కొట్టిన రోజు పిల్లల్ని, గేదెల్ని తోటలోకి రానివ్వకండి. మీరు కూడా పక్కనే నిలబడి చెబుతూ ఉంటారు, మీ దగ్గు సంగతి అమ్మ నాకు చెప్పింది. ఈసారి గట్టు మీద నుంచే చూడండి.

మాస్కులు కొన్నాక ఫోటో పెట్టమని తమ్ముడికి చెప్పండి.

మీ అమ్మాయి