ఇంజన్ ఎక్కించే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మన షెడ్‌లో కొత్త ఫ్రేమ్‌కి స్ప్లెండర్ ఇంజన్ ఎక్కించడం నిన్న రాత్రి పూర్తయింది. పాతపట్నం తమ్ముళ్ళు కూడా ఇదే పని మొదలుపెడుతున్నారట, అందుకే రాస్తున్నాను.

ముందు ఇంజన్ కాదు, వెనక చక్రం చూసుకోండి. చక్రాన్ని ఫ్రేమ్ మధ్యలో నిలబెట్టి, దాని స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ళ చక్రం) నుంచి ఇంజన్ దగ్గరి ముందు స్ప్రాకెట్ దాకా దారం లాగండి. ఇంజన్ కాస్త పక్కకి ఉన్నట్టు కనిపించినా ఫరవాలేదు, దారం ప్రకారమే కూర్చోవాలి. పోయినసారి నేను కంటి అంచనాతో బిగించేశాను. 4 మిల్లీమీటర్ల తేడాకే చైన్ ఒక పక్క అరిగిపోయి, స్ప్రాకెట్ పళ్ళు కూడా పోయాయి. చాలా బాధేసింది.

ఇంజన్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లకి మొదట చిన్న టాకాలే (చుక్క వెల్డింగులే) వేయించండి. వెల్డింగ్ చల్లారేటప్పుడు ఇనుము లాగుతుంది, బోల్టు రంధ్రం జరిగిపోతుంది. అందుకని పాత ఖాళీ కేసింగ్ (ఇంజన్ పై డొల్ల) బిగించి ఉంచి పూర్తి వెల్డింగ్ చేయించాలి. అసలు ఇంజన్ మాత్రం వద్దు, కరెంటు బేరింగుల గుండా పోతే అవి పాడవుతాయి.

ముందు స్ప్రాకెట్ ఇరుసు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే చేయి) పివట్, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ బాగా బిగుస్తుంది. అక్కడ కూడా కాస్త వదులు మిగలాలి. ఈ ఒక్కటీ మర్చిపోకండి.

రోడ్డు మీదకి మాత్రం తేవద్దు. బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ ఒకటే. గ్రౌండ్‌లోనే నడుపుదాం.

ఖాళీ కేసింగ్ నా దగ్గరుంది, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి.