250 వాట్ల స్టిక్కర్ ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

పాత సైకిల్‌కు మోటార్ కిట్ బిగించుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాం. రోజూ ఐదారు కిలోమీటర్లు పనికి వెళ్లొచ్చే వాళ్లకు అక్కరకొచ్చే విషయమే రాశారు, సంతోషం. కానీ అందులో ‘250 వాట్ల లోపు మోటార్ అయితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అన్న వాక్యం సగమే నిజం. కిట్లు అమ్మేవాళ్లు చెప్పేదీ ఇదే. మిగతా సగం కొనేవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో ‘బ్యాటరీతో నడిచే వాహనం’ అనే నిర్వచనం ఉంది. దాని ప్రకారం మోటార్ ముప్పై నిమిషాల పవర్ 0.25 కిలోవాట్ కన్నా తక్కువ ఉండాలి, బండి గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. తొక్కుతుంటే మోటార్ సాయం చేసే సైకిల్ అయితే, వేగం 25కు దగ్గరయ్యే కొద్దీ మోటార్ బలం తగ్గుతూ పోయి చివరికి ఆగిపోవాలి. తొక్కడం మానినా ఆగిపోవాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని 126వ నిబంధనలో చెప్పిన పరీక్షా సంస్థ, అంటే పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటిది, చూసి ధ్రువీకరించినప్పుడు మాత్రమే ఆ బండి మోటారు వాహనం లెక్కలోంచి తప్పుతుంది. అందరూ వదిలేస్తున్నది ఈ చివరి మాటనే. కంపెనీ నుంచి తయారై వచ్చే ఎలక్ట్రిక్ సైకిల్‌కు ఆ పరీక్ష చేయించుకునే బాధ్యత తయారీదారుది. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించి వీధి చివర షాపులో బిగించుకున్న సైకిల్‌కు ఆ పత్రం ఎక్కడిది? అందుకే షాపులో ధర అడిగే ముందు ఆ కాగితం అడగాలి. అది ఏ మోడల్‌కు, ఏ కంట్రోలర్‌తో (బ్యాటరీ నుంచి మోటార్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) ఇచ్చారో కూడా చూడాలి.

ఇక ముప్పై నిమిషాల పవర్ సంగతి. అరగంట పాటు ఆగకుండా మోటార్ ఇవ్వగలిగిన సగటు పవర్ ఇది. ఎత్తు ఎక్కేటప్పుడు కాసేపు ఇచ్చే పవర్ దీనికన్నా ఎక్కువే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. తేడా వచ్చేది కంట్రోలర్ దగ్గర. 36 వోల్టుల బ్యాటరీ, 15 ఆంపియర్ల కంట్రోలర్ అంటే బ్యాటరీ నుంచి లాగేది 540 వాట్లు. వేడి రూపంలో పోయేది తీసేసినా చక్రానికి 400 వాట్లకు పైనే చేరుతుంది. మోటార్ మీద 250 అనే స్టిక్కర్ అంటించి, పెట్టెలో ఈ కంట్రోలర్ పెట్టి అమ్మే కిట్లు మార్కెట్లో బోలెడు. బిల్లు మీద వాట్లు కనిపిస్తాయి గానీ ఆంపియర్లు కనిపించవు. కంట్రోలర్ మీద ఉన్న చిన్న లేబుల్ చదవండి, ఆ అంకె అక్కడే ఉంటుంది.

హ్యాండిల్ మీద ఉండే డిస్‌ప్లేలో సెట్టింగులు మోడల్‌ను బట్టి మారతాయి కానీ, చిన్న ఎల్‌సీడీ డిస్‌ప్లేలు చాలావాటిలో ‘పీ’ అక్షరంతో మొదలయ్యే వరస ఉంటుంది. ప్లస్, మైనస్ బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే ఆ మెనూ తెరుచుకుంటుంది. ఎక్కువ వాటిలో పీ03 వోల్టేజీ, పీ06 చక్రం సైజు, పీ08 వేగ పరిమితి, పీ13 తొక్కుతున్నామో లేదో పసిగట్టే పెడల్ సెన్సర్‌లోని అయస్కాంతాల సంఖ్య, పీ14 కంట్రోలర్ కరెంట్. ఏది ముట్టుకునే ముందైనా ఉన్న విలువలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పీ08లో 100 కనిపిస్తే చాలా మోడళ్లలో పరిమితి ఎత్తేసినట్టే లెక్క. దాన్ని 25కు దించాలి. పీ14ను 8 ఆంపియర్లకు దించితే లాగేది 288 వాట్లే, చక్రానికి చేరేది దాదాపు 230. బ్యాటరీ కూడా ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే 500 వాట్ల మోటార్ కొని సెట్టింగులో తగ్గించుకుంటే చట్టం దృష్టిలో అది 250 అయిపోదు. రెండు బటన్లు నొక్కితే మళ్లీ పెరిగేదాన్ని ధ్రువీకరణ అనలేం.

అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది పీ06లో. డిస్‌ప్లే వేగాన్ని నేరుగా కొలవదు, చక్రం తిరిగిన చుట్లను మనం ఇచ్చిన సైజుతో గుణిస్తుంది. 26 అంగుళాల చక్రం ఉన్న సైకిల్‌లో సైజు 20 అని పెడితే, తెర మీద 25 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 32 దాటి పోతుంటుంది. కొందరు మెకానిక్‌లు ‘స్పీడు పెంచి ఇస్తా’ అని చేసేది ఇదే. ఇంకొందరు కంట్రోలర్ నుంచి వేగ పరిమితి కోసం వచ్చే తీగల జత కనెక్టర్‌ను ఊడదీస్తారు. కొన్న రోజే ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని తిన్నని రోడ్డు మీద వెళ్లి చూస్తే నిజం తెలిసిపోతుంది. డిస్‌ప్లేకు, ఫోన్‌కు మధ్య ఒకటి రెండు కిలోమీటర్ల తేడా మామూలే. ఏడెనిమిది ఉంటే సైజు తప్పు పెట్టారు, లేదా పీ07లో మోటార్ అయస్కాంతాల సంఖ్య తప్పు.

వేగం కోసం చేసే మరో పని, 36 వోల్టుల కిట్‌కు 48 వోల్టుల బ్యాటరీ తగిలించడం. 25 పోయే మోటార్ 33 దాకా లాగుతుంది, నిజమే. కానీ 48 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయినప్పుడు 54.6 వోల్టులు ఉంటుంది. 36 వోల్టుల కంట్రోలర్లు కొన్నిటిలో కెపాసిటర్లు 50 వోల్టులకే తట్టుకునేవి. అవి ఉబ్బి పగిలిపోతాయి, ఒక్కోసారి నడుస్తుండగానే. ఛార్జర్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పది సెల్స్ వరసగా ఉన్న మామూలు 36 వోల్టుల లిథియం ప్యాక్‌కు 42 వోల్టుల ఛార్జరే వాడాలి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీల ఛార్జర్ ఇంట్లో పడి ఉంది కదా అని దీనికి పెట్టడం నిప్పుతో చెలగాటం.

‘250 వాట్లు ఏం సరిపోతాయి’ అనేవాళ్ల కోసం ఒక లెక్క. మనిషి, సైకిల్, బ్యాటరీ కలిపి 100 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద, ఎదురుగాలి లేకుండా 25 కిలోమీటర్ల వేగానికి దాదాపు 190 వాట్లు చాలు. నూటికి ఐదడుగులు లేచే ఎత్తు మీద 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి దాదాపు 260 వాట్లు కావాలి, అదీ మనం అసలు తొక్కకపోతేనే. నింపాదిగా తొక్కే మనిషి కాళ్లు ఇంకో 75 వాట్లయినా ఇస్తాయి. విశాఖ ఎత్తుపల్లాలకు కూడా ఇది చాలు. అదే 35 వేగానికి వెళ్లాలంటే 400 దాటి కావాలి, ఎందుకంటే గాలిని చీల్చుకుపోవడానికి పట్టే పవర్ వేగంతో పాటు మూడో ఘాతంలో పెరుగుతుంది. ఆపాల్సిన శక్తి కూడా 25 వేగంతో పోలిస్తే దాదాపు రెట్టింపు. తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు బ్రేకు దాన్ని ఆపలేదు.

మన ఊళ్లలో ఎక్కువగా ఉన్న కడ్డీ బ్రేకుల 28 అంగుళాల సైకిల్ గురించి కథనంలో అసలు రాయలేదు. కిట్‌తో వచ్చే ‘28 అంగుళాల’ చక్రం సాధారణంగా 622 మిల్లీమీటర్ల రిమ్ము. మన పాత సైకిల్‌ది 635. బిగించాక బ్రేకు రబ్బరు రిమ్ముకు సరిగ్గా తగలదు. పైగా బ్రేకు నొక్కగానే మోటార్‌ను ఆపే లీవర్లు కేబుల్ బ్రేకులకే పనికొస్తాయి. కడ్డీ బ్రేకు ఉంచుకోవాలంటే విడిగా అయస్కాంతపు కటాఫ్ సెన్సర్ పెట్టించుకోవాలి, అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మోటార్ ఇరుసు తిరిగిపోకుండా గాడిలో కూర్చునే కొక్కెం వాషర్, దానికి తోడు ఫ్రేమ్‌కు బిగించే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ వేయాలి. నట్టు వదులైతే ఇరుసు ఫోర్కు గాడిలో గిర్రున తిరిగి మోటార్ తీగల్ని మెలిపెట్టి తెంపేస్తుంది. ముందు చక్రమైతే ఊడి బయటికి వస్తుంది. అల్యూమినియం ఫోర్కుకు ముందు చక్రం మోటార్ పెట్టకపోవడమే మంచిది. మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత నట్లన్నీ మళ్లీ బిగించాలి.

పరిమితి దాటిన బండి చట్టం ప్రకారం మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, హెల్మెట్ అన్నీ వర్తిస్తాయి. ఎవరినైనా గుద్దితే బీమా లేదు కనుక పరిహారం యజమానే కట్టుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు ఇలాంటిది కొనిచ్చి రోడ్డు మీద నడపనిస్తే, మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా ఉన్నాయి. ట్యూషన్‌కు వెళ్లొస్తాడని కొనిచ్చే తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఇది తెలుసు? అమెరికాలో ఉన్న మనవాళ్లు వీడియోల్లో చూపించే 750 వాట్ల కిట్లు అక్కడ చాలా రాష్ట్రాల చట్టానికి సరిపోతాయి. అవే ఇక్కడికి పంపితే ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

కిట్లు అమ్మేవాళ్లు బిల్లు మీద మోటార్ ముప్పై నిమిషాల పవర్, కంట్రోలర్ ఆంపియర్లు, పరీక్షా సంస్థ ధ్రువీకరణ నంబరు, ఈ మూడూ రాసి ఇచ్చేలా రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఆదేశించాలని కోరుతున్నాం. ఆ ఆదేశం వచ్చేలోగా, మీ కథనంలోని ఆ ఒక్క వాక్యాన్ని సవరిస్తూ నిబంధన పూర్తి పాఠాన్ని తెలుగులో అచ్చు వేయండి.

– ఎలక్ట్రిక్ సైకిళ్ల మెకానిక్‌లు, గుంటూరు