ప్యాకేజీ కాదు, చేతికి ఎంతొస్తుందో చెప్పించండి

రాష్ట్ర విద్య, నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రేణిగుంట వైపు ఒక ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లో టూల్‌రూమ్, అంటే అచ్చులు బాగుచేసే విభాగం, చూసుకుంటాను. టెన్త్ ఫలితాలు వచ్చాయంటే చాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఈసారి పుత్తూరు నుంచి ఒకావిడ సూటిగా అడిగేసింది: "అన్నా, మావాణ్ణి ప్లాస్టిక్ డిప్లొమాలో చేర్పించమంటా ఉండారు. చదివితే నెలకి ఎంతొస్తాదో నిజం చెప్పు." మా ఒక్క షెడ్డు లెక్కయితే చెప్పగలిగాను. జిల్లా లెక్క చెప్పేవాళ్లు ఎవరూ కనిపించరు. ఈ ఉత్తరం దాని గురించే.

ఈ చదువుకు మన పిల్లలు ఎక్కువగా వెళ్లేది సిపెట్‌కు, అంటే ప్లాస్టిక్ పని నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థకు. 1968లో చెన్నై గిండీలో మొదలైంది, విజయవాడ దగ్గర సూరంపల్లిలోనూ ఉంది. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా, ప్లాస్టిక్స్ టెక్నాలజీ ఒకటి, అచ్చుల టెక్నాలజీ ఒకటి. బీటెక్ కావాలంటే భువనేశ్వర్, లక్నో లాంటి చోట్లకు పోవాలి. సిపెట్ కేంద్ర రసాయనాలు, ఎరువుల శాఖ కిందిది, మీ కింద లేదని తెలుసు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు మీది, పరిశ్రమలకిచ్చే భూమి, రాయితీలు మీ ప్రభుత్వానివి. అందుకే మీకు రాస్తున్నాను.

చదువు దండగ అని నేననను. పోయిన వేసవిలో మా దగ్గర ఒక మూతల అచ్చు సతాయించింది. నాలుగు కేవిటీల అచ్చు, అంటే ఒక్కో షాట్‌కు నాలుగు మూతలు, 27 సెకన్లకు ఒక షాట్ రావాలి. మూతలు వంకర పోతున్నాయని ఆపరేటర్లు కూలింగ్ టైమ్ కొంచెం కొంచెం పెంచుతూ 30 సెకన్లకు తెచ్చారు. డిప్లొమా చేసి కొత్తగా వచ్చిన అబ్బాయి ప్లాస్టిక్ దాణా జోలికీ ప్రెషర్ జోలికీ పోలేదు. అచ్చులోకి నీళ్లు వెళ్లే చోటా, బయటికొచ్చే చోటా టెంపరేచర్ కొలిచి, ఒక పక్క నీళ్లు సరిగా తిరగడం లేదన్నాడు. మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, సున్నం పేరుకుని లోపలి దారులు సన్నబడిపోయాయి. యాసిడ్ పట్టించి కడిగాక షాట్ టైమ్ మళ్లీ 27 సెకన్లకు దిగింది. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. ఇరవై నాలుగు గంటలూ నడిచే మెషిన్‌కు 30 సెకన్ల చొప్పున 11,520 మూతలు వస్తాయి, 27 చొప్పున 12,800. రోజుకు 1,280 మూతలు అదనం, కొత్తగా ఒక మెషిన్ కొనలేదు, ఒక మనిషిని పెట్టుకోలేదు.

ఆ అబ్బాయి జీతం, పక్క మెషిన్ దగ్గర ఇంటర్ తప్పి చేరిన కుర్రాడి జీతం కంటే ఎంతో ఎక్కువ అనుకుంటారేమో. సినిమా టికెట్లకు సరిపోయేంత తేడా.

చేరేటప్పుడు వీళ్లకు చెప్పింది వేరు. కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ మీద 'నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్', కింద అందరికంటే ఎక్కువ ప్యాకేజీ వచ్చిన ఒక్కడి ఫొటో. మిగతావాళ్ల సంగతి చూద్దాం. ఏడాదికి 2,40,000 ప్యాకేజీ అన్నారనుకోండి. ఇంట్లో వాళ్లు నెలకు 20,000 అని లెక్కేసుకుంటారు. బేసిక్ 12,000 అయితే యజమాని వాటా పీఎఫ్ 1,440, గ్రాట్యుటీ, ఈఎస్ఐ అన్నీ ఆ ఇరవై వేలలోనే కలిపి ఉంటాయి. ఆపైన అబ్బాయి వాటా పీఎఫ్ ఇంకో 1,440, ఈఎస్ఐ, వృత్తి పన్ను పోతే చేతికొచ్చేది 15,700 దగ్గర. క్యాంటీన్, బస్సు, రూమ్ అద్దె ఇంకా తీయలేదు. పీఎఫ్ ఎక్కడికీ పోదు, నిజమే. కానీ అప్పు తెచ్చి హాస్టల్ ఫీజు కట్టిన తండ్రి ప్రతి నెలా వడ్డీ కట్టాల్సింది ఆ 15,700లో నుంచే.

ఇది కూడా అందరికీ మొదటి రోజు నుంచే రాదు. చాలామందిని ముందు అప్రెంటిస్‌గా తీసుకుంటారు. 2019 నిబంధనల్లో డిప్లొమా వాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 8,000గా పెట్టారు. అప్రెంటిస్ అంటే చట్టం లెక్కలో కార్మికుడు కాడు, కాబట్టి పీఎఫ్ ఉండదు. ఆ తర్వాత కాంట్రాక్టర్ కింద పెడతారు. కాంట్రాక్టర్ మారితే సర్వీసు మళ్లీ ఒకటి నుంచి. కాలేజీ లెక్కలో మాత్రం ఈ అబ్బాయి మొదటి రోజే 'ప్లేస్' అయిపోయాడు.

నేను చూసినంతలో, మెషిన్ నడపడం దగ్గరే ఆగిపోయినవాడికి ఈ చదువు డబ్బు తిరిగిరాదు. అచ్చు డిజైన్, టూల్‌రూమ్, క్వాలిటీ వైపు వెళ్లినవాడికి మూడు నాలుగేళ్లకు జీతం కదులుతుంది, అది కూడా చాలావరకు శ్రీపెరుంబుదూరో హోసూరో దాటాకే. శ్రీసిటీలో ఏసీ పైడొప్ప, కరకంబాడిలో బ్యాటరీ డబ్బా, చిత్తూరు ఫ్యాక్టరీల్లో తోతాపురి మామిడి గుజ్జు పాడవకుండా నింపే అసెప్టిక్ బ్యాగు, అంతా ప్లాస్టికే. పని ఇక్కడుంది, జీతం పెరగాలంటే మాత్రం తమిళనాడు పోవాలి. ఎందుకిలా అని మీ శాఖ ఎప్పుడైనా కంపెనీలను కూర్చోబెట్టి అడిగిందా? అడిగితే వినాలని నాకూ ఉంది.

నేను కోరేది ఒక్క పట్టిక. జాతీయ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే కాలేజీలు తమ విద్యార్థుల మధ్యస్థ జీతం ఇప్పటికే చెబుతున్నాయి. ఏర్పేడులోని మన ఐఐటీ కూడా చెబుతుంది. మధ్యస్థం అంటే అందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడిమి వాడి జీతం. సగటు అంటే పైనున్న ఒక్కడు అందరినీ పైకి లాగేస్తాడు, అందుకే అది వద్దు. కాకపోతే ర్యాంకుల లెక్క క్యాంపస్ దాటిన రోజుతో ఆగిపోతుంది. మీరు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చే ప్రతి కాలేజీ, ప్రతి బ్రాంచి, చదువు ముగిసిన ఏడాదికీ మూడేళ్లకూ నడిమి వాడి చేతికి ఎంతొస్తోందో చెప్పాలి. అప్రెంటిస్ ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, కంపెనీ రోల్ మీద, అంటే సొంత ఉద్యోగులుగా, ఎంతమంది, ఇంకా ఆ పనిలోనే ఉన్నది ఎంతమంది అనేవి కూడా వేరువేరుగా.

సమాచారం దొరకదని అధికారులు అంటారు. పీఎఫ్ కోసం ప్రతి యజమానీ నెలనెలా వేసే ఈసీఆర్ అనే లెక్కల పత్రంలో గ్రాస్ వేజెస్ (కోతలకు ముందు మొత్తం జీతం) అని ఒక గడి ఉంది. చేరేటప్పుడే విద్యార్థి దగ్గర అనుమతి సంతకం తీసుకుంటే, పేర్లు బయటపెట్టకుండా ఆ అంకెలు తెప్పించుకోవచ్చు. లెక్క ఇవ్వని కాలేజీకి మరుసటి ఏడాది రీయింబర్స్‌మెంట్ ఆపేస్తే ఎవరూ ఆలస్యం చేయరు. కంపెనీలకు రాయితీ ఫైలు కదిలేటప్పుడు కూడా, డిప్లొమా వాళ్లు రోల్ మీద ఎంతమంది అని ఒక ప్రశ్న చేర్చండి.

ఆ పట్టిక వెబ్‌సైట్‌లో ఏ మూలో పడేస్తే పుత్తూరు ఆవిడకు కనిపించదు. టెన్త్ ఫలితాలు వచ్చిన వారంలో ప్రతి సచివాలయం గోడకు అంటించేలా చూడండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
ఒక టూల్‌రూమ్ ఉద్యోగి,
రేణిగుంట, తిరుపతి జిల్లా