మెరెట్‌ గురించి నా మాట (2025 ట్రేడ్ టైమ్‌లో రాసింది)
అందరూ ఒకసారి ఇది చదవండి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (AFL)లో మన క్లబ్ ఎసెండన్ కెప్టెన్ జాక్ మెరెట్, నన్ను హాథోర్న్ క్లబ్‌కి ట్రేడ్ చేయండి అని అడిగాడు. పొద్దున్నుంచి గ్రూప్‌లో మెరెట్ మీద తిట్లే తిట్లు, నాకు మాత్రం తిట్టబుద్ధి కావట్లేదు. 2013 డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) వచ్చినోడు, ఇన్నేళ్ళలో మన ఎసెండన్‌కి ఫైనల్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) ఒక్క గెలుపు కూడా లేదు, ఆఖరిది 2004లో కదా, 30 ఏళ్ళకి దగ్గరపడ్డాక కప్పు గెలవాలని అనిపించడం తప్పేం కాదు. కానీ కెప్టెన్ అయ్యుండి, 2027 వరకు కాంట్రాక్ట్ ఉండి, అడిగింది హాథోర్న్‌నా? 83, 84, 85 గ్రాండ్ ఫైనల్స్ మూడూ వాళ్ళతోనే ఆడాం, ఆ పగ ఇంకా చల్లారలేదు, అందుకే ఇంత మంట.

తక్కువకి ఇవ్వొద్దనే నా మాట. మనం ఒప్పుకోకపోతే ట్రేడ్ జరగదు, రూల్ మన వైపే ఉంది. మన ప్లేయర్ జో డానిహర్ 2019లో ఇలాగే అడిగితే సిడ్నీకి పంపలేదు, ఏడాది తర్వాత కాంట్రాక్ట్ అయిపోయి ఫ్రీ ఏజెంట్‌గా బ్రిస్బేన్ పోయాడు, 2024లో అక్కడ కప్పు కొట్టాడు అంటారు, నిజమే, కానీ అతనికి అప్పుడు మిగిలింది ఒక్క ఏడాదే, ఇక్కడ రెండేళ్ళు ఉంది.

హాథోర్న్ వాళ్ళు మంచి ప్లేయర్, పైన గట్టి డ్రాఫ్ట్ పిక్స్ (డ్రాఫ్ట్‌లో ముందు ఎంచుకునే వంతులు) రెండూ ఇస్తే మాట్లాడదాం. ఇంకోటి, దయచేసి అతని ఇన్‌స్టాలోకెళ్ళి బూతులు పెట్టకండి.