నోరు కట్టుకుంటే తగ్గే లావు కాదు

హన్మకొండ

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. మా అక్క కూతురు సిరి లావెక్కిన సంగతి చదివి, ‘కాస్త నోరు కట్టుకోమను, పొద్దున్నే భద్రకాళి చెరువు గట్టు మీద నడిపించు’ అని తేల్చేశావు. చుట్టాలందరిదీ అదే పాట. వాళ్ల నోళ్లకు జడిసి అక్క పిల్లను పెళ్లిళ్లకు తీసుకురావడమే మానేసింది. నువ్వూ ఆ గుంపులో కలవకూడదనే ఇంత రాస్తున్నాను.

సిరి లావుకు మూలం దాని తలలో వచ్చిన గడ్డ. పేరు క్రేనియోఫారింజియోమా. క్యాన్సర్ కాదు గానీ, పుట్టే చోటే చెడ్డది. పిట్యూటరీ గ్రంథి పక్కన, ఆకలిని చూసుకునే మెదడు భాగమైన హైపోథాలమస్‌ను ఆనుకుని పెరుగుతుంది. గడ్డ ఒత్తినా, ఆపరేషన్‌లో దెబ్బ తగిలినా ఆకలిని అదుపు చేసే కణాలు పోతాయి. ఒంట్లోని కొవ్వు లెప్టిన్ అనే హార్మోను ద్వారా ‘నిల్వలు చాలు’ అని మెదడుకు కబురు పంపుతుంది. సిరి ఒంట్లో కబురు బయలుదేరుతూనే ఉంది, అందుకునే చోటే దెబ్బతింది. పైగా మెదడు కరువొచ్చిందనుకుని శక్తి ఖర్చు తగ్గించేస్తుంది. మెదడు నుంచి పొట్టలోకి దిగే వేగస్ నరం ద్వారా క్లోమాన్ని ఎగదోసి, కొవ్వును కూడబెట్టే ఇన్సులిన్‌ను ఎక్కువగా వదిలిస్తుంది. అందుకే కొలిచి పెట్టినా బరువు పెరుగుతుంది. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో ఈ చోటునే గాయపరిస్తే అవి విపరీతంగా లావెక్కాయి. ఆ ఎలుకలకు నోరు కట్టుకోమని ఎవరూ చెప్పినట్లు లేదు!

ఇక వైద్యం. ముందు డాక్టరు చూసేది హార్మోన్ల లెక్క. మిగతా గ్రంథులను నడిపే పిట్యూటరీ దెబ్బతిన్నది కనుక థైరాయిడ్ మాత్ర, ఒంట్లో తయారు కాని కార్టిసోల్ హార్మోను బదులు హైడ్రోకార్టిసోన్ మాత్ర తప్పవు. హైడ్రోకార్టిసోన్ అవసరానికి మించితే అదే లావు పెంచుతుంది. అలాగని ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్లు డోసు పెంచాలి కూడా. అక్క ఇది గోడ మీద రాసి పెట్టుకుంది. నిద్రలో గురక, ఊపిరి ఆగడం ఉన్నాయేమో కూడా చూస్తారు. ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు కొందరికి పనిచేస్తున్నాయి, అందరికీ కాదు. బరువు తగ్గడానికి చేసే పొట్ట ఆపరేషన్ చివరి మాట.

కొత్తగా ఆశ పుట్టించింది సెట్‌మెలనోటైడ్. దెబ్బతిన్న కణాలను దాటి, వాటి తర్వాతి మెట్టయిన మెలనోకార్టిన్ 4 గ్రాహకాన్నే (మెదడులో ‘కడుపు నిండింది’ అనే కబురు అందుకునే మీటను) నేరుగా తట్టే మందు. రోజూ చర్మం కింద వేసుకునే సూది. 2020లో అమెరికాలో కొన్ని అరుదైన జన్యు స్థూలకాయాలకు అనుమతి వచ్చింది. హైపోథాలమస్ గాయంతో లావెక్కిన వాళ్ల మీద ఏడాదిపాటు చేసిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. మందు తీసుకున్నవారి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) సగటున 16 శాతం దాకా తగ్గింది, ఉత్తుత్తి సూది వేసుకున్నవారిది మూడు శాతం పైన పెరిగింది. ఈ మందుతో చర్మం నల్లబడుతుందట. లావని ఏడ్చిన చుట్టాలు అప్పుడు నలుపని ఏడుస్తారు, అది వేరే సంగతి.

ప్రస్తుతం అక్క చేయగలిగింది వంటింటి అల్మారాకు తాళం వేయడం. అదీ శిక్షలా కాదు, ఇంటిల్లిపాదికీ ఒకే వేళ, ఒకే పళ్లెం. బతుకమ్మకు నువ్వొస్తానన్నావు కదా, సకినాల డబ్బా మాత్రం తేకు. దానికి బొమ్మలు వేయడం ఇష్టం, మంచి రంగులు పట్టుకురా. బరువు ఎంత అని మాత్రం అడగకు.

నీ,
రాజు