మా పాత మస్టాంగ్ చప్పుడు ఆగింది, బాబాయిగారికి దండాలు

డాలస్‌లో మా గరాజ్‌లో నెల రోజులుగా జాకీ స్టాండ్ల మీద ఉన్న మా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు నిన్న సాయంత్రం రోడ్డెక్కింది. స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పినా చప్పుడు లేదు. ఇందులో నా ప్రతాపం తక్కువే కాబట్టి, సాయపడినవారి గురించి నాలుగు మాటలు రాయకపోతే తప్పవుతుంది.

ఈ కారులో ముందు స్ప్రింగు, చక్రాన్ని పట్టి ఉంచే పై చెయ్యి, అంటే పై కంట్రోల్ ఆర్మ్, మీద కూర్చుంటుంది. ఆ బరువు మోయడానికి ఇంజిన్‌కు రెండు పక్కలా షాక్ టవర్లు గోడల్లా నిలబడతాయి. వాటి మధ్య 289 ఘనపు అంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, దానికి అటూ ఇటూ పొగను బయటికి పంపే పొడుగు గొట్టాల హెడర్లు. కొన్ని బోల్టుల దగ్గరికి స్పానర్ పోవడమే గగనం. అది చాలదన్నట్టు, హెడర్లు వేసినప్పుడే షెల్బీ డ్రాప్ కూడా చేశాను. అంటే టవర్‌కు కొత్త రంధ్రాలు వేసి, పై ఆర్మ్‌ను ఒక అంగుళం కిందికి దించి బిగించడం. ఫోర్డ్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్ ఆలోచన ఇది. మస్టాంగ్‌నే మార్చి తయారుచేసిన 1965 నాటి షెల్బీ జీటీ350 కార్లలో ఇలాగే చేశారు. మలుపుల్లో కారు నేలను పట్టుకునే తీరే మారిపోయింది. కానీ ఎడమకు తిప్పినప్పుడల్లా కింద 'టక్' మని దెబ్బ. కారు కిందికి దిగినందువల్లే హెడర్ గొట్టం తగులుతోందనుకుని, దాన్ని సుత్తితో సొట్ట పెట్టడానికి సిద్ధమయ్యాను.

ఆ రోజే బాబాయిగారు వచ్చారు. మా బంధువు కారు, ఊరివారూ కారు. ఇక్కడి తెలుగువాళ్లం అందరం అలాగే పిలుస్తాం. "సుత్తి పక్కన పెట్టు బాబూ" అని, మా పాప ఆడుకునే రంగు మైనం అడిగారు. చిటికెడు తీసి గొట్టానికీ స్టీరింగ్‌తో పాటు పక్కలకు కదిలే సెంటర్ లింక్ కడ్డీకీ మధ్య అంటించి, నన్ను స్టీరింగ్ తిప్పమన్నారు. బయటికి తీసి చూస్తే ఆకుపచ్చ మైనం కాగితంలా పలచబడి, నడుమ చిల్లు పడింది.

"ఈ కడ్డీ స్ప్రింగుతో పాటు లేవదు, దిగదు. మరి దిగింది ఏది?" అన్నారు. నాకు తట్టలేదు. టార్చిలైటు ఎడమ ఇంజిన్ మౌంట్, అంటే ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మ, మీద వేశారు. రబ్బరు నూనెలో నాని ముద్దయిపోయింది. ఇంజిన్ ఆ పక్కకు ఒరిగి, గొట్టాన్ని తనతో పాటు దించేసింది! చెక్కపలక అడ్డం పెట్టి ఇంజిన్‌ను జాకీతో లేపి రెండు మౌంట్లూ మార్చాం. దాదాపు పావు అంగుళం సందు దొరికింది.

కుడి పక్కన గొట్టం టవర్‌ను రాసుకోవడం మాత్రం ఆగలేదు. టవర్లు కదలకుండా వాటి మధ్య అడ్డంగా బిగించే మాంటెకార్లో బార్ అనే కడ్డీ పెట్టబోతే పట్టలేదు. అరవై ఏళ్ల బరువుకు టవర్లు లోపలికి వాలాయన్నమాట. పక్కింటి పెద్దాయన మరకడ్డీతో తానే చేసుకున్న పనిముట్టు ఇచ్చారు. దాన్ని రోజుకు రెండు చుట్లు చొప్పున తిప్పుతూ నాలుగు రోజులు టవర్లను బయటికి తోశాం. ఐదో రోజు బార్ చేత్తో పెట్టగానే కూర్చుంది. చక్రాల అలైన్‌మెంట్ అయ్యాకే బండి కదిలించాలని ఆయనే హెచ్చరించారు.

ఇద్దరూ డబ్బు మాట ఎత్తనివ్వలేదు. స్ప్రింగు నొక్కే పనిముట్టు అరువిచ్చిన తమ్ముడికీ, అర్ధరాత్రి చప్పుళ్లు భరించిన మా ఆవిడకూ కృతజ్ఞతలు. హెడర్ బోల్టులు వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి, ఆ పని రేపు. శనివారం తొలి షికారుకు బాబాయిగారే తోలుతారట. నాది పక్క సీటు.