ఎర్ర గీత హెచ్‌డీఎల్ కింద కాదు

సంపాదకులు గారికి,

‘మంచి కొలెస్ట్రాల్‌ను (హెచ్‌డీఎల్‌ను) పెంచే కొత్త మాత్ర’ గురించి ఈ మధ్య పత్రికల్లోనూ ఫోన్లలోనూ తెగ తిరుగుతోంది. ఆ వార్త మా కాలనీకి చేరేసరికి ‘హెచ్‌డీఎల్ పెరిగితే గుండెపోటు రాదు’ అని మారిపోయింది. బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి వీధిలో వాళ్లంతా రిపోర్టులు పట్టుకుని మా ఇంటికే వస్తారు. అవి చూస్తున్నకొద్దీ ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మా పక్కింటాయన పార్కులో పెట్టిన ఉచిత శిబిరానికి వెళ్లి ఒక కాగితం తెచ్చుకున్నారు. అందులో హెచ్‌డీఎల్ 36 కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. పక్కన ‘స్పెషల్ లిపిడ్ ప్యాకేజీ’ (రక్తంలో కొవ్వుల పరీక్షలు) చేయించుకోమని రాశారు, ఏవో చేపనూనె గోలీలు కూడా అంటగట్టారు. అదే కాగితంలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 ఉంది. దాని కింద గీత లేదు. ఆయన తండ్రి యాభై నిండకుండానే గుండెపోటుతో పోయారు, ఆ సంగతి అడిగినవాళ్లూ లేరు.

హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. కానీ మందు వేసి దాన్ని పెంచితే జబ్బు తగ్గుతుందా? ఈ ప్రశ్నకు ప్రపంచం చాలా ఖరీదు పెట్టి జవాబు తెలుసుకుంది. మనవాళ్ల చెవిన పడనిది ఆ కథే.

మన రక్తంలో సీఈటీపీ అనే ప్రొటీన్ ఉంటుంది. కొవ్వుల రవాణా దాని పని. హెచ్‌డీఎల్ దగ్గరున్న కొలెస్ట్రాల్ ఎస్టర్‌ను (కొలెస్ట్రాల్‌కు ఒక రూపం) ఎల్‌డీఎల్, దాని లాంటిదే అయిన వీఎల్‌డీఎల్‌ల వైపు చేర్చి, అటు నుంచి ట్రైగ్లిజరైడ్ అనే మరో కొవ్వును ఇటు తెస్తుంది. ఒకరకంగా కుండమార్పిడి. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ లోపించిన కుటుంబాలు 1980ల చివర్లో జపాన్‌లో బయటపడ్డాయి. వాళ్ల హెచ్‌డీఎల్ బాగా ఎక్కువ. అయితే ఈ ప్రొటీన్‌ను మందుతో అడ్డుకుంటే సరిపోతుంది కదా అని పెద్ద పెద్ద కంపెనీలన్నీ రంగంలోకి దిగాయి.

ముందు దిగింది ఫైజర్. టోర్సెట్రపిబ్ అనే ఆ మందు హెచ్‌డీఎల్‌ను 72 శాతం పెంచింది. 15 వేల మందిపై జరుగుతున్న ఆ పరీక్షను 2006 డిసెంబరులో హఠాత్తుగా ఆపేశారు. ఎందుకంటే స్టాటిన్‌తో (ఎల్‌డీఎల్‌ను తగ్గించే మామూలు మందు) పాటు ఈ మందు కూడా వేసుకున్నవాళ్లలో 93 మంది, స్టాటిన్ ఒక్కటే వేసుకున్నవాళ్లలో 59 మంది చనిపోయారు. బీపీ కూడా పెరిగింది. రోష్ కంపెనీ మందు వల్ల హాని లేదు, లాభమూ లేదని 2012లో తేలింది. ఎలీ లిల్లీ మందు ఇంకా విచిత్రం. హెచ్‌డీఎల్ రెట్టింపు దాటింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. దాన్ని 2015లో ఆపేశారు. చివరికి మెర్క్ వాళ్ల అనాసెట్రపిబ్‌ను 30 వేల మందికి నాలుగేళ్లు ఇచ్చి చూస్తే గుండెపోటు లాంటి ముప్పులు 9 శాతం తగ్గాయి. ఆ కాస్త తగ్గుదల కూడా చెడు కొలెస్ట్రాల్ తగ్గినందువల్లే అన్నారు నిపుణులు. అనుమతికి దరఖాస్తు చేయకుండా కంపెనీయే వెనక్కి తగ్గింది.

ఇప్పుడు అదే ప్రొటీన్‌పై ఒబిసెట్రపిబ్ అనే మరో మందు వస్తోంది. దానిపై ఆశ కూడా ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుందనే. వార్తల్లో ‘మంచి కొలెస్ట్రాల్ మాత్ర’ అని శీర్షిక పెడితే అసలు విషయం తలకిందులైనట్టే. మందుల కంపెనీలున్న పరవాడ ఫార్మా సిటీ పక్కనున్న ఊరు మన విశాఖ. ట్రయల్ ఫెయిలవడమంటే ఏమిటో తెలిసిన కెమిస్టులు ఇక్కడ వీధికొకరుంటారు. విలేకరులు వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి ఉంటే బాగుండేది.

రక్తంలో ఈ సీఈటీపీ ఎంతుందో కొలిచి గుండెపోటును ముందే పసిగట్టవచ్చా అని కూడా చూశారు. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ ప్రజలపై చేసిన అధ్యయనంలో అది ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్‌లో చూస్తే దాని పనితనం తక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ! ఇలా రెండు వైపులా మాట్లాడే అంకెతో డాక్టర్ చేయగలిగిందేమీ లేదు. రేపెప్పుడైనా ఏ ప్యాకేజీలోనైనా ఈ పేరు కనబడితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

కొత్త పరీక్షలన్నీ వృథా అని నేననడం లేదు. లైపోప్రొటీన్ ఎ (రక్తంలో ఎల్‌డీఎల్ లాంటి మరో కొవ్వు కణం) పరీక్షను జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి లిపిడ్ ప్రొఫైల్ 18 ఏళ్లకే, కుటుంబంలో జబ్బుంటే అంతకన్నా ముందే చేయించాలట. మామూలు స్క్రీనింగ్‌కు పరగడుపు కూడా అక్కర్లేదు, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువొస్తే అప్పుడు మళ్లీ పరగడుపున చేయించుకోవచ్చు. ఈ చివరి మాట మన ఊరికి చాలా అవసరం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామునే పనిలోకి దిగే మనిషిని ‘టిఫిన్ తినేశావు, రేపు రా’ అని పంపేస్తే ఆ రేపు ఎప్పటికీ రాదు.

ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వం చేస్తున్న జాతీయ స్క్రీనింగ్‌లో బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లు ఉన్నాయి. ఇంటింటికీ వచ్చే ఆ జాబితాలో కొలెస్ట్రాల్ లేదు. అందరికీ ఒకేసారి చేయడం కష్టమే, ఒప్పుకుంటాను. ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లున్నారా అని అడిగి, ఉన్న కుటుంబాలకైనా పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో లిపిడ్ ప్రొఫైల్ ఉచితంగా చేస్తే ఎల్‌డీఎల్ పుట్టుకతోనే ఎక్కువున్నవాళ్లు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎమర్జెన్సీకి రాకముందే దొరుకుతారు. వాళ్లకు కావలసిన స్టాటిన్ చవకైన జెనరిక్ మాత్ర.

మీ పత్రికకు నాదొక విన్నపం. ఇలాంటి మందు గురించి రాసేటప్పుడు అది గుండెపోట్లను తగ్గించిందా, రక్తంలో అంకెను మాత్రమే మార్చిందా అన్నది మొదటి పేరాలోనే రాయండి. ఇక జీవీఎంసీకి (మన నగరపాలక సంస్థకు) చెప్పేది: పార్కుల్లో, బీచ్ రోడ్డులో శిబిరాలకు అనుమతిచ్చేటప్పుడు అక్కడ ప్యాకేజీలు, గోలీలు అమ్మకూడదని షరతు పెట్టాలి. కుటుంబ చరిత్ర అడిగే గడి లేని ఫారంతో వచ్చిన శిబిరానికి అనుమతి ఇవ్వకూడదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
మర్రిపాలెం, విశాఖపట్నం